ఱొమ్ములోని పసిగ్రంథి



గడచిన సంక్రాంతికి నేను మిడుతూరు పోయియుంటిని. నంద్యాల జిల్లాలో నందికొట్కూరు ప్రాంతమున నున్న ఆ యూరిని మీలో పెక్కురెఱుగుదురు. ఎఱుగనివారు సయితము ఆ మండలములోని రోళ్లపాడు బీళ్లను గూర్చియు, బట్టమేకపిట్టకై అచ్చట 1988లో ఏర్పడిన అభయారణ్యమును గూర్చియు వినియుందురు. అచ్చటి చావడి యరుగుమీద మాటలాడుచు కూర్చున్న వేళ, ఎనుబది యేండ్లు దాటిన యొక పెద్దాయన నన్నొక ప్రశ్న యడిగెను. ఆయన వయసులో నున్నప్పుడు జాతరలకు పొట్టేళ్లను కోసి యూరందఱకును పాళ్లు వేసినవాడు.

"నాయనా, నీవు మనుష్యుల శరీరమును కోసి చదువుకొన్నవాడవు గదా! నా సందేహమొకటి తీర్చుము. పాలు మఱువని గొఱ్ఱెపిల్లను కోసినప్పుడు మెడక్రింది నుండి గుండెమీది వఱకు తెల్లగా మెత్తగా నొక కండవంటిది కనబడును. ముదురు పొట్టేలులో ఎంత వెదకినను అది దొరకదు. ఆ చోట క్రొవ్వు మాత్రముండును. ఉన్నది యెక్కడికి పోయినది? పోవుటకే అయినచో పుట్టుట యెందులకు?"

వైద్యకళాశాలలో నేను చదివిన యేండ్లలో ఈ ప్రశ్నను నన్నెవ్వరును అడుగలేదు. నేనును ఎవ్వరిని అడుగలేదు. క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో గేలెన్ అను గ్రీకు వైద్యుడు జంతువులను కోసి చూచి, ఈ యవయవము పసిప్రాయమున పెద్దదిగా నుండి వయస్సుతో కృశించునని వ్రాసెను. మిడుతూరు పెద్దాయన కత్తిపీటయొద్ద కనుగొన్నదియు అదియే. అది యెందులకున్నదో తెలియుటకు మాత్రము లోకమునకు 1961వ సంవత్సరము వఱకు పట్టెను. ఆనాడు చావడిలో నేను పొట్టిగా చెప్పిన సమాధానమును నేడు విపులముగా చెప్పెదను. ఇందు నాకొక స్వంతబాధయు కలదు. దానిని దాని చోట మనవిచేసెదను.

ఆ యవయవమునకు థైమస్ గ్రంథి యని పేరు. మనుష్యునిలో అది ఱొమ్ము నడిమి యెముకకు వెనుక, గుండెకు పైగా, రెండు తమ్మెలుగా నమరియుండును. బిడ్డ పుట్టినప్పుడు దాని తూకము ఇంచుమించు 15 గ్రాములు. యౌవనము వచ్చువేళకు 30 మొదలు 40 గ్రాముల వఱకు పెరుగును. అటుపిమ్మట ఏటేట తఱుగుచు, దాని తావును క్రొవ్వు ఆక్రమించుకొనును. నావంటి వానియందు అది పసుపుపచ్చని క్రొవ్వుముద్ద. అందు నడుమనడుమ చెఱువులోని దిబ్బలవలె అసలు కండ కొంత మిగిలియుండును.

దీని ప్రయోజనము తెలియని దినములలో వైద్యులు దీనిమీద వేసిన నింద యొకటి కలదు. అది చెప్పక విడువరాదు. నిద్రలో హఠాత్తుగా చనిపోయిన పసిబిడ్డలను కోసి చూచినప్పుడు వారి థైమస్ గ్రంథి మిక్కిలి పెద్దదిగా కనబడెను. అది గాలిగొట్టమును నొక్కి బిడ్డను చంపినదని తలచిరి. 1889లో ఆ రోగమునకు పెద్ద లాటిన్ పేరొకటి పెట్టిరి. 1907 మొదలు అమెరికాలో ఆ గ్రంథిని చిన్నది చేయుటకై పసిబిడ్డల ఱొమ్ములమీద ఎక్సురే కిరణములను ప్రసరింపజేయసాగిరి. ఏ జబ్బును లేని వేలకొలది బిడ్డలు ఈ చికిత్స పొందిరి. వారిలో పలువురకు పెద్దవారైన పిమ్మట మెడలోని థైరాయిడ్ గ్రంథికి పుట్టకురుపు వచ్చెను.

పొరపాటెక్కడ? కళాశాలలలో కోసి నేర్చుకొనుటకు దొరకిన శవములు బీదవారివి; తిండిలేక, దీర్ఘరోగములతో తీసికొని తీసికొని చనిపోయినవారివి. అట్టి దేహములలో థైమస్ గ్రంథి ముందే ఎండిపోయియుండును. ఎండినదానినే సహజమని పుస్తకములలో వ్రాసికొని, పుష్టిగా నుండి హఠాత్తుగా పోయిన బిడ్డలోని నిజమైన పరిమాణమును రోగమని యెంచిరి. ఆకలిగొన్నవాని కొలతను లోకమునకెల్ల కొలతగా పెట్టుకొన్న ఫలమిది. ఆకలికిని ఈ గ్రంథికిని నున్న సంబంధము వారి కన్నులయెదుటనే యుండెను గాని వారు దానిని చూడలేదు.

ఇక 1961. లండనులో జాక్ మిల్లర్ అను యువపరిశోధకుడు చుంచెలుకలకు వచ్చు రక్తపు పుట్టకురుపును గూర్చి పాటుపడుచు, అప్పుడే పుట్టిన పిల్లలనుండి థైమస్ గ్రంథిని తీసివేసి చూచెను. పెరిగిన యెలుకలో తీసివేసిన నేమియు కాదని అంతకుముందే తెలియును. పుట్టిననాడే తీసివేసిన పిల్లలు మాత్రము కొన్ని వారములు బాగుగా నుండి, పిమ్మట చిక్కి, అల్పమైన అంటురోగములకే చచ్చిపోయెను. వాని రక్తములో కొన్ని తెల్లకణములు మిక్కిలి తగ్గియుండెను. మఱియు ఒక వింత: వేఱుజాతి యెలుక చర్మమును తెచ్చి అతికించినను వాని శరీరము దానిని నెట్టివేయలేదు, తన చర్మమువలెనే ఉంచుకొనెను. అనగా తనది, పరులది యను వివేకమే వానికి పోయెను. క్రిములు లేని అద్దపు గదిలో పెంచిన పిల్లలు మాత్రము చిక్కిపోలేదు. కాబట్టి గ్రంథి లేమి స్వయముగా చంపుట లేదు. కాపు లేకపోవుటయే చంపుచున్నది. ఈ మాటను పెద్దపెద్ద విద్వాంసులు సయితము కొన్ని యేండ్లు నమ్మలేదు.

థైమస్ నుండి వచ్చు ఆ తెల్లకణములకు దాని పేరులోని మొదటి యక్షరమును బట్టి టీ కణములని పేరు వచ్చెను. వీనికి తోడు బీ కణములని వేఱొక తెగ కలదు. ఆ పేరు కోడినుండి వచ్చినదన్న మీకు నవ్వు రావచ్చును. కోడికి రెట్టవేయు ద్వారమునకు పైన ఒక చిన్న సంచి యుండును. 1956లో అమెరికాలో నొకరు కోడిపిల్లలకు ఆ సంచిని తీసివేయగా, విషక్రిములకు విరుగుడుగా రక్తములో ఊరవలసిన పదార్థము వానిలో ఊరదయ్యెను. ఆ సంచి పేరులోని మొదటి యక్షరమే బీ. మనుష్యులకు ఆ సంచి లేదు. మనకు ఆ కణములు ఎముకల మూలుగులోనే తయారగును. ఒక చుంచెలుక, ఒక కోడిపిల్ల. మన దేహరక్షణలోని రెండు భాగములను గుర్తింపజేసినవి యీ రెండే.

ఇప్పుడు గ్రంథి లోపలికి పోవుదము.

టీ కణముల మూలబీజములును ఎముకల మూలుగులోనే పుట్టును. అవి రక్తప్రవాహములో కొట్టుకొనివచ్చి థైమస్ గ్రంథిని చేరును. అప్పటికి అవి ఏమి కావలెనో నిర్ణయము కానివి. గ్రంథిలోని గోడకణములు వానిని తాకి ఒక యాజ్ఞ నిచ్చును. ఆ యాజ్ఞతో అవి వేఱు మార్గములను విడిచి టీ కణమగు త్రోవను పట్టి, మెండుగా పిల్లలు వేయును. గ్రంథికి వెలుపటి పొర యొకటి, లోపలి గుజ్జు ఒకటి. వెలుపటి పొరలో క్రిక్కిఱిసియున్న యీ కుఱ్ఱకణములు తమ ఆయుధమును అచ్చటనే తయారుచేసికొనును.

ఆ యాయుధము కణము పైతొక్కమీద నుండు ఒక గ్రహణి. బయటివస్తువు దానిలో అమరినచో కణము మేల్కొనును. లోకములో నుండు క్రిములు లెక్కకు రానివి; రేపు పుట్టబోవు క్రిమి యెట్టిదో ఎవ్వరికిని తెలియదు. వానినన్నిటిని పట్టుటకు అన్ని గ్రహణులకు అన్ని జన్యువులు దేహములో నుండజాలవు. దేహము చేయు ఉపాయమేమనగా, కొన్ని వందలు దాటని జన్యుఖండములను పెట్టుకొని, ఒక్కొక్క కణములో వానిని వేఱువేఱుగా తెగగొట్టి అతికించుట. ఏబదియాఱు అక్షరములతోను గుణింతములతోను మనము ఎన్ని మాటలనైన కూర్చుకొనుచున్నాము గదా, ఆ రీతిని. ఈ తెగగొట్టి యతుకు పద్ధతిని బీ కణములలో 1976లో కనుగొన్న జపానుదేశీయుడు టొనెగావాకు 1987లో నోబెల్ బహుమాన మొసగిరి. టీ కణముల జన్యువులు 1984లో బయటపడెను.

అయితే ఒక చిక్కు కలదు. కన్నులు మూసికొని అక్షరములను చల్లిన, వచ్చు మాటలలో చాలభాగము అర్థములేనివి; కొన్ని బూతులు. అట్లే ఈ గ్రహణులలో పెక్కు పనికిరానివి, కొన్ని ప్రాణాంతకములు. కావుననే పరీక్ష కావలెను. థైమస్ గ్రంథి యున్నది ఈ పరీక్షకే.

పూర్వము ఊరికి తలారి యుండెడివాడు. తలారిని ఏర్పఱుచునప్పుడు గ్రామపెద్దలు ఏమి చూచెడివారు? మొదట, వీనికి కన్ను ఆనునా? ఊరి మనుష్యుని మొగమును చూచి గుర్తుపట్టగలడా? రెండవది, కఱ్ఱ చేతికిచ్చిన ఊరివారినే కొట్టునా? ఈ రెండు పరీక్షలే ఈ గ్రంథిలోను జరుగును.

మొదటి పరీక్ష వెలుపటి పొరలో. మన దేహములోని ప్రతికణమును తన లోపల జరుగుచున్న దానికి మచ్చుగా మాంసకృత్తుల చిన్న తునకలను తన పైతొక్కమీది పళ్లెములలో పెట్టి బయటికి చూపుచుండును. క్రిమి లోపల చేరియున్నచో దాని తునకయు ఆ పళ్లెములోనికి వచ్చును. టీ కణము నేరుగా క్రిమిని చూడలేదు. పళ్లెములోని తునకనే, పళ్లెముతో కూడ చూడగలదు. ఈ సంగతిని 1974 ప్రాంతమున ఆస్ట్రేలియాలో జింకర్నాగెల్, డోహర్టీ యను నిరువురు కనుగొని 1996లో నోబెల్ బహుమానము నందిరి. ఆ పళ్లెముల యాకారము ఒక్కొక్క కుటుంబములో ఒక్కొక్క తీరు. మూత్రపిండమును ఒకరినుండి యొకరికి మార్చునప్పుడు వైద్యులు సరిచూచుకొనునవి ఇవియే. కావున తన దేహపు పళ్లెమును కొంచెమైనను పట్టుకొనలేని గ్రహణి వలన ఫలము లేదు. అట్టి కణమునకు గ్రంథిలో "నీవు బ్రతుకుము" అను సంజ్ఞ రాదు. మూడు నాలుగు దినములలో అది తనంత తానే నశించును. దానినెవ్వరును చంపరు; పిలువరు, అంతే. ఇట్లు పోవునవే అధికసంఖ్యాకములు.

ఈ దశలో కుఱ్ఱకణముమీద సీడీ 4, సీడీ 8 అను రెండు గుర్తులును ఉండును. పళ్లెములు రెండు విధములు; ఏ విధమైనదానిని పట్టుకొన్నదో దానిని బట్టి ఒక గుర్తు నిలిచి రెండవది పోవును. సీడీ 4 మిగిలినది కేకవేసి తక్కిన రక్షకులను కూర్చుకొను సహాయకణము. సీడీ 8 మిగిలినది క్రిమి చేరిన కణమును చంపునట్టిది. ఎయిడ్సు క్రిమి ముఖ్యముగా దెబ్బతీయునది ఈ సహాయకణములనే.

రెండవ పరీక్ష గుజ్జులో. ఇది నాకు ఈ శాస్త్రములోనెల్ల ఆశ్చర్యకరమైన ఘట్టము. ఊరివారిని కొట్టని తలారి కావలెనన్న, అతనికి ఊరివారినందఱను ముందుగా చూపవలెను గదా? మధుమేహముతో సంబంధించిన ఇన్సులిను క్లోమమునందు తయారగును. కంటి మాంసకృత్తులు కంటిలో నుండును. ఱొమ్ములో నున్న యీ గ్రంథి వానినెట్లు చూపును? గుజ్జులోని కొన్ని కణములు, తమకు ఏ పనికిని రాకున్నను, దేహములోని నానావయవముల మాంసకృత్తులను కొంచెము కొంచెముగా తయారుచేసి పళ్లెములలో పెట్టి చూపుచున్నవి! వారపుసంతలో ఆయా యూళ్ల సరకులు పిడికెడు పిడికెడు కుప్పలుగా పోసినట్లు, దేహములోని సమస్తావయవముల మచ్చులును అచ్చట పఱచియుండును. ఈ సంతను నడపు జన్యువునకు ఎయిర్ అని పేరు. దానిని 1997లో గుర్తించిరి; అది చేయు పని 2002లో తెలిసెను. ఈ మచ్చులను చూచి మితిమీరి యుద్రేకించు కణమునకు మరణమే శిక్ష. ఉద్రేకము మధ్యరకముగా నున్న కొన్నిటిని మాత్రము చంపక, తక్కినవారి యావేశమును అడచు పెద్దమనుష్యుల కణములుగా మార్చును. ఈ శాంతికణములను గూర్చిన కృషికే సకగూచి, బ్రంకో, రామ్స్‌డెల్ అను మువ్వురకు 2025వ సంవత్సరపు నోబెల్ బహుమాన మొసగబడెను.

ఎయిర్ జన్యువు చెడిన కుటుంబములలో ఆ సంత సాగదు. పిల్లలకు పలుగ్రంథులు వారి తెల్లకణముల చేతనే పాడగును.

రెండు పరీక్షలును గడచి బయటికి వచ్చునవి ఎన్ని? లేత చుంచెలుక గ్రంథిలో దినమునకు అయిదు కోట్ల కణములు పుట్టగా, పది యిరువది లక్షలు మాత్రమే రక్తములోనికి విడుదల యగును. అనగా నూటికి రెండు నుండి నాలుగు. తక్కినవి అక్కడనే చచ్చి, అక్కడి పాకీకణములకు ఆహారమగును. నేను దీనిని పాఠశాల యని కొందఱకు చెప్పియుంటిని గాని, ఆలోచింపగా ఆ పోలిక అంత సరికాదు. అచ్చట నేర్పు గురువు లేడు. నేర్చుకొను శిష్యుడును లేడు. కళ్లములో గాలికి ఎత్తిపోయుటయే ఉన్నది. గింజ నిలుచును, పొట్టు పోవును. ఇచ్చట పొట్టే మెండు.

పిల్లలు వేయుటలో ఆగవలసినచోట ఆగక, కుఱ్ఱప్రాయములోనే చెడి విజృంభించు కణము ఒక్కొక్కప్పుడు పుట్టును. అది బిడ్డలకు వచ్చు రక్తపు పుట్టకురుపులలో నొకటి. అప్పుడు గ్రంథి యుబ్బి ఊపిరికి అడ్డమగును. భీమవరమున 1895లో జన్మించి అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పనిచేసిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము సిద్ధపఱచిన మందుతోనే, 1948లో బోస్టనులో ఫార్బర్ అను వైద్యుడు బాలుర రక్తపు పుట్టకురుపు కొంతకాలము వెనుకకు తగ్గుటను మొదటిసారి లోకమునకు చూపెను. ఆ మందునకు తమ్ముడైన మెథోట్రెక్సేటు నేటికిని ఆ చికిత్సలో నున్నది. సుబ్బారావుగారు ఆ యేడే ఆగస్టులో స్వర్గస్థులైరి.

ఇక నా స్వంతబాధ.

1982లో నేను క్రొత్తగా వైద్యుడనై ఒక యాసుపత్రిలో పనిచేయుచుంటిని. మన మెట్టప్రాంతపు పల్లెనుండి రెండేండ్లు నిండని ఆడుబిడ్డ నొకదానిని తల్లి యెత్తుకొని వచ్చెను. తల్లి మరల గర్భవతి యగుటచే బిడ్డకు చనుబాలు మాన్పించి, జొన్నసంకటి నీళ్లతో సరిపెట్టిరి. బిడ్డ యెముకలగూడు, కాళ్లు మాత్రము నీరుపట్టి వాచియుండెను. ఒక నెల దినములు పాలు, పప్పు, గ్రుడ్డు, బుడ్డలు బెల్లము కూర్చిన ముద్ద, ఇట్లు పెట్టి కాపాడితిమి. వాపు తీసెను. బుగ్గలు నిండెను. తూకము వచ్చెను. బిడ్డ నవ్వెను. నేను తల్లితో "ఇక భయములేదమ్మా, తీసికొనిపొమ్ము" అంటిని. మంచమునకు వేఱొక బిడ్డ కాచుకొనియుండెను. మూడు వారములకు ఆ యూరిలో తట్టు వచ్చెను. వీథిలోని పిల్లలు పదిమందికిని తట్టు పోసెను. తక్కినవారు వారము దినములు మూలిగి లేచిరి. ఈ బిడ్డ లేవలేదు. ఆ మాట తల్లియే తిరిగివచ్చి నాతో చెప్పెను. నన్ను నిందింపలేదు. "బాగైనదంటివే నాయనా" అని మాత్రమనెను.

బాగైనదని నేను తూకము చూచి చెప్పితిని. చూడవలసినది మఱియొకటి కలదని నాకు తెలియదు.

తెలియకపోవుటకు సాకులేదు. మన కర్నూలుసీమ మద్రాసు రాజధానిలో నుండిన కాలమున, నీలగిరులలోని కూనూరులో రాబర్టు మెకారిసన్ అను వైద్యుడు 1918లో ఒక చిన్న గదిలో ఆహారలోపపు పరిశోధన ప్రారంభించెను. మరపట్టి తవుడు తీసిన బియ్యమును పావురములకు పెట్టి, అవి చిక్కి చచ్చిన పిమ్మట ఒక్కొక్క యవయవమును తూచి, ఏది యెంత కృశించెనో వరుసగా వ్రాసెను. ఆ వరుసలో మొట్టమొదటిది థైమస్ గ్రంథి. గుండె, కాలేయము, మూత్రపిండములు దానికి చాల వెనుక. మెదడు అన్నిటికిని కడపట. ఈ ఫలితము 1919లోనే అచ్చయ్యెను. అప్పటికి ఆ గ్రంథి పని యేమో మెకారిసన్‌కును తెలియదు. ఆకలి మొదట తినునది దానినే యని మాత్రము తూకపురాళ్లు చెప్పినవి. ఆ చిన్న గదియే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చెను. ఆ సంస్థలోనే భాస్కరం, వినోదినీ రెడ్డి గారలు రక్తములో ఇనుము తక్కువైన పిల్లలను పరీక్షించి, వారిలో టీ కణముల పాలు తగ్గియుండుటను, ఇనుము ఇచ్చిన పిమ్మట కోలుకొనుటను 1975లో ప్రకటించిరి. నా యాసుపత్రికి ఏడేండ్ల ముందు సంగతి ఇది. నేను చదువలేదు.

ఆకలి ఈ గ్రంథిమీదనే ఏల పడును? అందు కణములు ఎడతెగక పుట్టుచుండవలెను. పుట్టుటకు మాంసకృత్తులు, ఇనుము, జింకు కావలెను. అదిగాక, దేహము ఆకలిచేతగాని జ్వరముచేతగాని బాధపడునప్పుడు మూత్రపిండములకు పైన టోపీలవలె నుండు గ్రంథులనుండి ఒక రసము అధికముగా ఊరును. రెండు గుర్తులును గల కుఱ్ఱకణములకు ఆ రసము విషము. అవి గుంపులుగా చచ్చును. గ్రంథి కొలదిదినములలోనే సగమునకు దిగిపోవచ్చును. కఱవునాడు రైతు విత్తనపుగింజలను వండుకొనునట్లు, దేహము ఆ పూటకు బ్రతుకుటకై రేపటి కావలివారిని వదలుకొనుచున్నది.

తిరిగి తిండిపెట్టిన గ్రంథి మరల పెరుగును. ఇది గొప్ప యూరట. కాని ఎన్నాళ్లకు? దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశమున కొచబాంబా పట్టణపు ఆసుపత్రిలో 1990ల దశకమున, బక్కచిక్కిన పిల్లలకు ఆహారమిచ్చుచు, ధ్వనితరంగముల యంత్రముతో ఱొమ్ములోని గ్రంథిని వారమువారమును కొలిచిరి. ఒక నెలకు పిల్లల తూకము సరియయ్యెను. గ్రంథి సరియగుటకు రెండు నెలలు పట్టెను. ఆహారముతోపాటు జింకు ఇచ్చినచో ఆ వ్యవధి తగ్గి, తూకమును గ్రంథియు ఇంచుమించు ఒకేసారి కోలుకొనెను. ఈ వ్యాసమును నేను చదివిన దినమున ఆ తల్లి మాట నా చెవిలో మరల వినబడెను. నా బిడ్డ విషయములో కారణమిదియే యని నేను ప్రమాణము చేయజాలను. ఆ ఱొమ్ములోనికి నేను చూడలేదు. కాని నెల దినములకు పంపివేసితిని, ఏడవ వారమున తట్టు వచ్చినది. ఈ రెండంకెలు నన్ను విడువవు.

చనుబాలను గూర్చి ఒక్క మాట. 1996లో డెన్మార్కు దేశమున పరీక్షింపగా, తల్లిపాలు మాత్రమే త్రాగు నాలుగు నెలల బిడ్డలలో ఈ గ్రంథి డబ్బాపాలు త్రాగువారి గ్రంథికంటె ఇంచుమించు రెట్టింపు పరిమాణముగలదై యుండెను. మన అవ్వలు యంత్రములు లేకయే దీనిని పట్టుకొన్నారని నేను అనుకొనుచున్నాను. అయినను రెండవ కాన్పు వచ్చుచున్నదని మొదటిబిడ్డకు పాలు మాన్పునప్పుడు, ఆ పాలకు బదులు ఏమి పెట్టవలెనో మాత్రము మన యిండ్లలో సరిగా తలపెట్టలేదు.

తట్టునకు టీకా మనదేశమున ప్రభుత్వపు కార్యక్రమములో 1985లో చేరెను. నేడు తొమ్మిది నెలలు నిండిన పిమ్మట ఒకటి, ఒకటిన్నర యేడు ప్రాంతమున రెండవది వేయుచున్నారు. టీకా చేయునది కూడ, గ్రంథి వడపోసి పంపిన కణములలో ఆ క్రిమికి తగిన వానిని ముందుగా మేల్కొలుపుటయే. మేల్కొల్పబడిన కణములలో కొన్ని చావక జ్ఞాపకకణములై దశాబ్దములు నిలుచును.

దీనినిబట్టి పెద్దాయన రెండవ ప్రశ్నకు సమాధానము. పోవుటకే పుట్టుట యెందులకు? పసితనమునను బాల్యమునను గ్రంథి జీవితమునకు సరిపడు కావలివారిని తయారుచేసి దేహమంతట నిలిపివేయును. వారు అక్కడనే పిల్లలు వేసికొనుచు సాగుదురు. అందుచే క్రమముగా గ్రంథి తఱిగినను వెంటనే కీడు లేదు. కాని బొత్తిగా లేకున్నను సరియే యని చాలకాలము వైద్యులు తలచుట సరికాదు. పెద్దవారికి గుండె ప్రాంతమున శస్త్రచికిత్స చేయునప్పుడు గ్రంథిని తీసివేసిన వారిని, తీయనివారిని అమెరికాలో సరిపోల్చి 2023లో ప్రకటించిరి. అయిదేండ్లలో, తీసివేయబడినవారిలో నూటికి 8.1 మంది, తీయబడనివారిలో 2.8 మంది చనిపోయిరి. పుట్టకురుపులును తీసినవారిలో ఎక్కువ. క్రొవ్వులోని ఆ దిబ్బలు ఊరక లేవన్నమాట. ముసలితనమున మనకు పాతరోగములకు పాతకావలివారు మిగిలియుందురు గాని, మునుపెన్నడును చూడని క్రొత్తరోగము వచ్చినచో దానికి తగిన క్రొత్తవారు కొఱత. 2020లో వచ్చిన కోవిడు పెద్దవారినే హెచ్చుగా ఎత్తుకొనిపోవుటకు గల కారణములలో ఇదియు నొకటి.

ఇంతయు ఆనాడు చావడిలో నేను చెప్పలేదు. గొఱ్ఱెపిల్ల సంగతి, తలారి సంగతి, ఆ యాడుబిడ్డ సంగతి చెప్పితిని. పెద్దాయన చివరి వఱకు చేతికఱ్ఱమీద గడ్డమానించి వినెను. అంతయు విని యడిగిన దొక్కటే.

"తూకము వచ్చిన పిమ్మట మఱియొక నెల యంటివి గదా?"

"ఔను, అంతకు తక్కువ గాకుండ."

ఆయన వ్రేళ్లు మడచి ఏవో వారములు లెక్కించుకొనెను. ఇంటిలో మునిమనుమరాలు ఆసుపత్రినుండి వచ్చి పండ్రెండు దినములే యైనదట. పండుగ పిండివంటలతో దానికి వేఱుగా వండుట మానివేసిరట. కండువా దులుపుకొని లేచి, మాటలు ముగియకమునుపే ఇంటిదారి పట్టెను.